సగం టికెట్టు

ఆడోళ్ళ గేటు కాడ నాది స్టూలు.
మూడు కాళ్ళు సరిగ్గా ఉండేవి, నాలుగోదాని కింద
పాత వాల్‌పోస్టరు మడిచి పెట్టేదాన్ని.
ఆదోని పద్మనాభ టాకీసులో
పదకొండేళ్ళు టికెట్లు చించినాను.
సగం వాళ్ళ చేతికి, సగం నా ఒడిలోకి.

జిన్నింగు మిల్లు వదిలితే
తలలో దూదితోనే వచ్చేవాళ్ళు.
దులుపుకోండమ్మా అంటే
ఒకరి వీపు ఒకరు దులిపి నవ్వేవాళ్ళు.
అయినా దూది లోపలికి పోయేది.
పైన కిటికీలోంచి వెలుతురు పడినప్పుడు
తెర దాకా తేలుకుంటా పోయేది.
ఒకసారి ఒక పోగు మిషన్లోనే చిక్కుకొని
హీరోయిన్ మూతి మీద మీసమై నిలబడింది.
హాలంతా ఈలలు.
ఆపరేటర్ బసప్ప ఉఫ్ ఉఫ్ అని ఊదేది
నేలక్లాసు దాకా వినపడింది.

నాకు ఏ సినిమా పూర్తిగా తెలీదు.
ఫస్ట్ షో ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే
ఒడిలో సగాలు మూటగట్టుకొని
మేనేజర్ వాదిరాజు గదికి పోవాల.
ఆయన రెండుసార్లు లెక్కపెడతాడు,
మూడోసారి నా ముఖం చూస్తాడు.
లెక్క కుదిరేసరికి లోపల శుభం పడిపోయేది.
జనం కళ్ళు తుడుచుకుంటా బయటికొచ్చేవాళ్ళు,
నాకు తెలీని దేనికో.

ఉరుకుందమ్మకు ఎనిమిదికి డ్యూటీ దిగేది.
సోడా బుడ్ల చప్పుడులో
ఎవరూ చూడకుండా గేటు వారగా తీసేదాన్ని.
"సగం సినిమాకు టికెట్టేముంటాది మే" అనేది.
బదులుగా కొంగులో బొరుగులు,
జీతాలనాడైతే నూనె కాగితంలో రెండు మిరపకాయ బజ్జీలు.

పొద్దున కొళాయి కాడ బిందెలు వరసలో పెట్టి
మేమిద్దరం సినిమా అతికేవాళ్ళం.
వాళ్ళకు ఇల్లెట్ల పోయింది, అన్నదమ్ములు యాడ తప్పిపోయినారు,
అది నా వంతు.
మిగతాది ఆమె చెప్పేది,
ఏడ్చేకాడ ఏడ్చి,
కొట్టేకాడ ఖాళీ బిందె మీద దరువేసి.
బసప్ప తెగిన రీలును బ్లేడుతో గీకి
సిమెంటు పూసి వేలితో ఒత్తిపట్టేవాడు చూడు, అట్ల.
అతుకు కాడ ఒక్కోసారి ఎగిరేది.
నేను చెప్పిన చెల్లెలు ఆమె సగంలో ఉండేది కాదు.
"పెండ్లయి పోయిందేమోలే" అనుకొని
బిందె ఎత్తుకునేవాళ్ళం.

మిల్లు మూసినారు.
ఆమె బళ్ళారి పోయిందన్నారు, ఇంకో మిల్లుకు.
రెండు వారాలు ఇంటర్వెల్‌లో
గేటు తీసి నిలబడినాను.
"ఎవరికోసం?" అన్నాడు వాదిరాజు.
ఉక్క సార్, అన్నాను.

టాకీసు ఇప్పుడు పత్తి గోడౌను.
తెర ఉన్నకాడ బేళ్ళు, పైకప్పు దాకా.
ఇప్పుడు దూదిని దులుపుకో అనేవాళ్ళు లేరు.

మొన్న మధ్యాహ్నం చెల్లెలింట్లో
టీవీలో ఒక పాత సినిమా వేసినారు.
మొదటి సగం నాకు నోటికి వచ్చు.
వాన, జ్వరమొచ్చిన పిల్లోడు,
తండ్రి వాన్ని భుజానేసుకొని పరిగెత్తేది.
సరిగ్గా అక్కడ మాకు బెల్లు.
ఈసారి బెల్లు పడలేదు.
సబ్బు ప్రకటన ఒకటి వచ్చి పోయింది.
ఆస్పత్రి తలుపు మూసుంది.
పిల్లోడు చచ్చిపోయినాడు.

నేను లేచి నిలబడినాను.

ఆ పొద్దు కొళాయి కాడ ఉరుకుందమ్మ చెప్పింది అది కాదు.
డాక్టరు లుంగీ మీదనే పరిగెత్తుకొచ్చినాడంట.
సూదేస్తే పిల్లోడు కళ్ళు తెరిచి నీళ్ళడిగినాడంట.
అర గ్లాసు తాగి
మిగిలింది పక్క మంచం పిల్లకు ఇయ్యమన్నాడంట.
బిందె నిండి పొర్లిపోతున్నా
ఆమె కొళాయి కట్టలేదు,
నా ముఖం మీంచి చూపు తీయలేదు.

అప్పుడు నా కొడుకు
సర్కారాస్పత్రిలో, మూడో రోజు జ్వరం.
ఆమెకు తెలుసు.

"ఏందక్కా, ఏమైంది వానికి?"
వంటింట్లోంచి చెల్లెలు అడిగింది.

నీళ్ళడిగినాడు,
అన్నాను.