ముప్పై తొమ్మిది

ఎనిమిదేళ్ళకి మళ్ళీ వచ్చాడు వాడు.
గ్రోనింగెన్ వానలో తడిసిన సైకిలుకి కింద తాళం వేసి
వాళ్ళమ్మ హెల్మెట్ చంకన పెట్టుకుని నిలబడింది.
నన్ను గుర్తుపట్టలేదు. మంచిదే.

యెల్మర్ అరచేతికి చిన్న లోహపు బిళ్ళ కట్టారు.
కొంచెం కొంచెంగా వేడెక్కుతుందది.
"వెచ్చగా అనిపించగానే మీట నొక్కు,
నొప్పి పుట్టేదాకా ఆగకు" అంది డాక్టర్ హిల్టియె.

వాడు కిటికీలోంచి కాలవలో పడవని చూస్తున్నాడు.
ముప్పై నాలుగు.
ముప్పై అయిదు. తోటి పిల్లలు నొక్కే చోటు దాటింది.
జేబులో నా వేలు, లేని మీటని నొక్కుతోంది.

అప్పుడు వీడి కాలు నా చిటికెన వేలంత.
ఇరవై ఆరు వారాలకే వచ్చేశాడు, ఒళ్ళంతా తడి ఉల్లిపొర.
గొంతులో గొట్టం, ఏడుపుకి చప్పుడు లేదు,
మొహం మాత్రం ఏడ్చేది.
రోజుకి పద్నాలుగు సూదులు. లెక్క రాసిందాన్ని నేనే.
పసిగుడ్డుకి నొప్పేం తెలుస్తుందని మా పెద్ద నర్సుల కాలంలో అనేవారట.
తెలుస్తుందని మాకు తెలుసు. అందుకే మార్ఫిన్.
రాత్రి మూడింటికి పంపు మీద అంకె పెంచింది నేనే,
ఆ కనుబొమల ముడి విడిపోతుంటే చూసి
నెమ్మదిగా కాఫీ తాగిందీ నేనే.

అప్పటికింకా వెన్నులో ఒక నరం ఇంకో నరానికి
చీకట్లో చెయ్యి చాస్తూ ఉంటుందని
చాలా తర్వాత చదివాను. ఎలుకపిల్లల కథ అది,
మందు పడినవి పెద్దయ్యాక ఇంటిదారి తప్పాయట.
"ఎలుకలు వేరు. పైగా ఊరుకున్న నొప్పి కూడా
గీత గీయకుండా పోదు" అంది హిల్టియె.
మందు గీసిందా, సూది గీసిందా,
వేళకాని వేళ తాకిన వెలుతురే గీసిందా?
కలిపేసిన పిండిలోంచి ఉప్పు ఏరమంటే ఎలా.

ముప్పై తొమ్మిది.
నొక్కాడు.
"ఆ పడవ మీద నా పేరుంది!"

హిల్టియె కిటికీ తెర లాగింది. మళ్ళీ మొదట్నించి.
"వీడికి వేడితో కాదు పేచీ," గొణిగింది వాళ్ళమ్మ,
"సాక్సు లోపలి కుట్టుతో. రోజూ పొద్దున్నే ఏడుపు."
కాగితంలో ఆ మాటకి గడి లేదు.

ఈ రాత్రి ఏడో పెట్టెలో ఇంకొకర్తి, ఇంకా పేరు పెట్టలేదు.
కనుబొమలు ముడిపడి ఉన్నాయి.
ఇప్పుడు ముందు తీపినీళ్ళ చుక్క ఇస్తాం, ముందు అరచెయ్యి కప్పుతాం,
ఆ తర్వాతే పంపు.
ముడి విడలేదు.
గడియారం చూడకుండా
చెయ్యి అక్కడే ఉంచాను.