లైన్ క్లియర్

మా కుక్క పేరు పీజు.
గాలివాన ఎలిసిన రాత్రి
హాలియా సబ్‌స్టేషన్ గేటు కింద తడిసి ముద్దయి దొరికింది.
మాడిన తీగ రంగుల ఉండె,
ఇంకో పేరు తోచలే.

దాని పిచ్చంత బయటనే.
ఇంట్ల ఈదమ్మ చాట పక్కన
రోలు లెక్క కదలకుండ పంటది.
గేటు తీస్తివా, ఇగ అది వేరే కుక్క.
మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీలు
దానికి పాత పగోళ్లు.
డ్రైవర్ను మొరగదు, క్లీనర్ను మొరగదు,
తిరిగే టైరునే కరవాలె.
కరిస్తే ఏం జేస్తవే, అని అడిగిన ఓనాడు.
తోక ఊపింది.
గంత దూరం ఆలోచించినట్టు లేదు.

బత్తాయి తోట గట్టు మీద బొక్క కనబడితే
మూతి పెట్టాలె.
లోపల ఎలుకనో ఉడుమో నాగుబామో
అడిగి పెట్టే అలవాటు లేదు.
తేలు కుట్టి మూతి బూరెలెక్క వాచింది.
మూడు రోజులు గంజి తాగింది.
నాలుగో రోజు అదే బొక్క కాడ నిలబడ్డది.

మొన్న కార్తీకంల ఎడమకాల్వ నిండుగ పారుతున్నది.
ఎవరో ఇడిసిన కొబ్బరికాయ తేలుకుంట పోతుంటే
దూకింది.
కాల్వ గోడ సిమెంటుది, నున్నగ, ఏటవాలు,
మనిషికే పట్టు దొరకదు.
నీళ్లల్ల అది పోతున్నది,
గట్టు మీద నేను ఉరుకుతున్న,
చెప్పు ఎక్కడ తెగిందో తెలవదు.
తూము కాడ బట్టలుతికే మెట్లే లేకుంటే...
ఆ మాట పూర్తి చెయ్య.
ఎక్కింది. ఒళ్లు దులిపి నా మీద నీళ్లు చల్లింది.
నోట్ల కొబ్బరి పీచు.

ఇంటికి తెచ్చి కొట్టిన,
తెగిన చెప్పుతోనే.
పానమంటే ఆటనా, అని అరిచిన.
గడపల కూసొని ఎల్లిపాయలు ఒలుస్తున్న ఈదమ్మ
తలెత్తలే.
"మొన్న కోళ్లఫారం కాడ స్తంభమెక్కినవు గద,
ఎల్‌సి తీసుకున్నవా?" అన్నది.

చేతిల చెప్పు చేతిలనే ఉన్నది.

తీసుకోలే.
ఆపరేటరు ఫోనెత్తలే.
పదివేల కోళ్లు, ఫ్యాన్లు ఆగినయి,
ఓనరు మీద మీద పడుతున్నడు.
రెండు నిమిషాల పని.
గ్లౌజులు బండి డిక్కీల ఉన్నయి,
నాలుగేండ్ల సంది కొత్తగనే ఉన్నయి.
ఇరవై రెండేండ్ల సర్వీసు, తీగ దిక్కు సూస్తేనే
పానమున్నదో లేదో తెలుస్తది అనుకునేటోణ్ణి.
మల్లెబోయిన ఐలయ్య గూడ అట్లనే అనుకునేటోడు.
ఇప్పుడు ఐలయ్య డ్యూటీ
ఐలయ్య కొడుకు చేస్తున్నడు.

అప్పుడు యాదికొచ్చింది.
బండి ముందల కూసొని నాతోనే వచ్చింది పీజు ఆ రోజు.
స్తంభం కింద మొరిగింది.
లారీని మొరిగినట్టు కాదు,
ఆగి, పైకి సూసి, మళ్ల మొరిగింది.
సుట్టు తిరిగింది,
కాల్వ గట్టు మీద నేను ఉరికినట్టే.
నోరు ముయ్యుమని
పైనుంచి పానా ఇసిరిన.

పీజు ఇప్పటికీ లారీల ఎంట పడుతది,
మారిందని అబద్ధం చెప్ప.
కాల్వ కాడ మాత్రం
మెట్టు మీద ఎనక కాళ్లు అదిమి,
ఒక్క ముందుకాలు నీళ్లల్ల పెట్టి సూసి
తాగుతది.
నీళ్లను ఇడవలే,
నిలబడే తీరు మార్సుకున్నది, గంతే.

నిన్న మబ్బుల నిడమనూరు తొవ్వల జంపరు తెగింది.
నిచ్చెన ఆనించి ఫోను చేసిన.
"ఎల్‌సి కావాలె."
"పది నిమిషాలు ఆగన్నా."
పద్దెనిమిది అయినయి.
మోటరు కాడ రైతు రెండుసార్లు గొణిగిండు.
డిక్కీ తీసి గ్లౌజులు దులిపిన,
ఒకదాంట్ల బల్లిగుడ్లు రెండు.
మెల్లగ తీసి గట్టు మీద పెట్టిన.
పీజు నిచ్చెన కాడ కూసున్నది.
దూరంగ లారీ సప్పుడు.
చెవులు నిక్కినయి.
మెడ పట్టుకున్న.
"ఆగు" అన్న,
"ఇంక లైన్ క్లియర్ రాలే."