తోడు

ఈ ఏడు వంకాయ నారు రెండుసార్లు పోసిన.
రెండుసార్లూ
రెండాకులు విప్పుకొని, మూడో పొద్దుకు
మొదట్ల నీళ్ళు దిగినట్టై
ఒరిగి పన్నది.
ఎవ్వడు కోసిండో, కత్తి కనబడదు.
గిల్లి చూస్తే మెడ కాడ ఒక దారం,
ఆ దారం సుత తడి తడి.

"మన్నుకు దిష్టి తాకిందే వదినే,
ఎండు మిరపకాయలు తిప్పెయ్" అన్నది పక్క చెల్క కనకవ్వ.
నిరుడు మిరపతోటనే ఎండు తెగులుకు అప్పజెప్పి
వంకాయకొచ్చిన నేను.

మందుల దుకాణం బాకీ
దామెర క్రాస్‌రోడ్డు మీద నిలబడి
నా చీర రంగు గుర్తుపడుతది.
అందుకే అటు పోలే.

ఏఈఓ హసీనా మేడం
స్కూటీ డిక్కిలకెల్లి ఒక ప్యాకెట్ తీసింది.
మందు కాదట, ప్రాణమట.
సూడోమోనాస్.
పేరు నోట్లె తిరుగక
మా ఓదెలు "సుద్దమన్ను" అన్నడు.
చూస్తే అట్లనే ఉన్నది.

"ఎండల పెట్టకు. నీలం మందుతోని కలుపకు.
చివికిన పెంటల కలిపి, నీళ్ళు చిలకరించి
గోనెసంచి కప్పు.
పది రోజులు నీడకు ఉండనియ్యి."

ఓ, ఇదా.
ఇది నాకు రానిదేం కాదు.
గోరువెచ్చటి పాలల్ల
గోటంత పెరుగు వేసి మూత పెట్టుడే గద.
వేడెక్కువైతే ఇరుగుతది,
సల్లారితే పేరదు,
వేలు పెట్టి చూసుకోవాలె.
తోడు.
పాలకొక్కటే అనుకున్న ఇన్నొద్దులు.
వేరుకు సుత కావాలెనట.

వేపచెట్టు కింద కుప్ప వోసి కప్పిన.
సగం ప్యాకెట్ మాత్రం ఓదెలు
బండి ట్యాంకు మీద రోహిణి ఎండల మరిచిండు.
మరిచిన సంగతి చెప్పకుంట
అంచు మడికి చల్లిండు.

ఎనిమిదో రోజు గోనె ఎత్తితే
తొలకరి వాసన, మొగులు లేకున్నా.

గంజినీళ్ళల్ల తడిపిన గింజలకు
పసుపు పెట్టినట్టు ఆ పొడి పట్టించి
మూడోసారి పోసిన.
రాత్రి టార్చిలైటు వేసి చూస్తే ఏమున్నది?
మన్ను.
కొట్టినోడు కనబడడు,
కాపలా ఉన్నోడు కనబడడు.
నడుమ నేనొక్కదాన్నే కనబడుకుంట,
మడిమల దాక బురదల.

ఇరవై దినాలకు
నడిమి మళ్ళు మూడు నిలబడ్డయ్.
అంచు మడి మల్ల ఒరిగింది.
ఓదెలు ఆ రోజు బండి కడిగిండు,
ట్యాంకు ఒక్కటే మస్తుసేపు కడిగిండు.

నిలబడ్డ మళ్ళల్ల సుత
పదిల రెండు పోయినయ్.
"అట్ల పోతయ్ కొన్ని" అన్నది హసీనా మేడం.
ఆ మాట నాకు నచ్చింది.
దుకాణపాయన ఎన్నడూ అనలే ఆ మాట,
ఆయనది ఎప్పుడూ నూటికి నూరే.

పొద్దుగూకినంక కనకవ్వ వచ్చింది,
కొంగు చాటుకు తట్ట వెట్టుకొని.
"గా పెంట ఒక దోసెడు పెడుతవా?"

దీపం ముట్టిచ్చినంక
ఇంట్లకెల్లి తోడు ఇయ్యొద్దంటరు.
అరుగు మీదికెల్లి అత్తమ్మ దగ్గింది,
దగ్గు రాకున్నా.

నాటు కోసం దాచిన కుప్ప
అడుగుకంట తవ్వి
దోసెడు కాదు, రెండు పెట్టిన.
"నీడకు పట్టుకపోవే వదినే, ఎండ తగలనీకు."
చీకట్లకెల్లి నవ్విందామె:
"ఇప్పుడు ఎండెక్కడిదే నీకు!"