గుండ్రం

నా పని గాలిని చదవడం.
లండన్ మ్యూజియంలో ఒక అద్దాల గది,
అందులో అమరావతి రాళ్లు.
పొద్దున్నే వచ్చి తేమ ఎంతుందో, వేడి ఎంతుందో
పుస్తకంలో రాసి సంతకం పెడతాను.
సున్నపురాయి కదా,
తడి తగిలితే ఉప్పు కక్కుతుంది.

ఒకప్పుడు గుండ్రంగా నిలబడ్డవి,
మనుషులు చుట్టూ తిరగడానికే పుట్టినవి.
ఇక్కడ గోడవారగా వరస కట్టించారు
రేషను షాపు ముందు జనంలాగా.

సుమనావతి గారు పున్నమికి వస్తారు.
క్రోయ్‌డన్ నుంచి,
తెల్లచీర మీద నీలం రెయిన్‌కోటు, చక్రాల సంచీ.
ముప్పై ఏళ్లు ఆసుపత్రి వంటశాలలో గరిటె తిప్పిన చెయ్యి
రెండో చేతిని వెతుక్కుని జోడవుతుంది
ఒక ఖాళీ ఆసనం ముందు.
బుద్ధుడు లేడు ఆ రాతిలో.
ఆసనం, కింద రెండు పాదాలు, అంతే.
"ఇప్పుడే లేచెళ్లినట్టుంది" అన్నారొకసారి,
టీ తాగడానికి వెళ్లిన మనిషి గురించి చెప్పినట్టు.

పూలు పెట్టకూడదు. దీపం ఊసే ఎత్తకూడదు.
వాటికి ఆవిడ ఏమీ అనుకోలేదు.
"చుట్టూ తిరగడానికి లేదే!"
అదొక్కటే బాధ.
ఈ గోడ వెనకాల ఏముంది?
ఇంకో గది.
ఆ వెనకాల?
మెట్లు, గిడ్డంగి, మళ్లీ గోడ.
ఆ వెనకాల?
వీధండీ.
"అయితే సరే."

వైశాఖ పున్నమినాడు అన్నం డబ్బా మూసేసి
నేనూ వెంట నడిచాను.
గేటు దాటి ఎడమకి.
కుడి భుజం రాళ్ల వైపే ఉండాలని
సంచీని ఎడమ చేతికి మార్చుకున్నారు.
బ్లూమ్స్‌బరీ వీధి మలుపు,
బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో చినుకులు,
మాంటేగ్ ప్లేస్‌లో బడిపిల్లల్ని దింపుతున్న బస్సు.
ఆ చుట్టులో పడి
ఈజిప్టు శవాలకీ, గ్రీకుల విరిగిన ముక్కులకీ,
గడియారాల గదికీ, క్యాంటీనుకీ,
నా తేమ పుస్తకానికీ కూడా
ప్రదక్షిణ జరిగిపోయింది
ఎవర్నీ అడక్కుండానే.

మూడో చుట్టులో మోకాలు మొరాయించింది.
అరుగు లాంటి మెట్టు చూసుకుని కూర్చుని ఫ్లాస్కు తీశారు.
"మీదే ఊరు?"
కృష్ణ ఒడ్డు. ఈ రాళ్లున్న దిబ్బని
దీపాలదిన్నె అనేవాళ్లు మా వైపు.
"మీ పెద్దలేం చేసేవాళ్లు?"
సున్నం కాల్చేవాళ్లు.

అని, ఆగిపోయాను.
ఇన్నేళ్లలో ఈ రెండు ముక్కలూ
పక్కపక్కన పెట్టి చూసుకోలేదు నేను.
బట్టీ అడగదు, నువ్వెవరి రాయివని.
తెల్లగా కాలితే చాలు.
పండక్కి మా గోడలకి కొట్టిన వెల్లలో
ఏ యక్షుడి బుగ్గ కలిసిందో,
తాతల తాతమ్మ తమలపాకుకి రాసుకున్న సున్నంలో
ఏ తామరరేకు కరిగిందో,
నాలుక పొక్కితే
"పాడు సున్నం, ఘాటెక్కువ" అని ఉమ్మేసి ఉంటుంది.

ఓడెక్కినవి ఇక్కడ చల్లగా ఉన్నాయి.
పరాయివాడి చేతిలో మిగిలినవీ
ఇంటివాడి చేతిలో బూడిదైనవీ
ఏ గడిలో రాయాలో, కింద ఎవరు సంతకం పెట్టాలో
నాకు నేర్పలేదెవరూ.

ఇదంతా ఆవిడకి చెప్పేశాను, వానలో,
ముక్కు చీదుకుంటూ.
సుమనావతి గారు ఫ్లాస్కు మూత బిగించి
నా భుజం పట్టుకుని లేచారు.
"ఇంకా సగం చుట్టు ఉంది" అన్నారు.
"పద."