ఇరవై ఎనిమిది

తెల్లారి నాలుగున్నరకే పాలకేంద్రంలో నేను.
క్యాను మూత తీసి, గరిటెతో అడుగంటా కలిపి,
గొట్టంలో పాలు పోసి లాక్టోమీటరు వదిలితే
అది మునిగి, తేలి, కాసేపు తలాడించి
ఒక అంకె దగ్గర నిలబడతాది.
ఇరవై ఎనిమిది. మంచి పాలు. రాసుకో.
పదకొండేండ్లుగా అంకెను నమ్మిన మనిషిని.

అందుకే చిత్తూరు ల్యాబులో కాగితం చేతికిచ్చి
"అంతా నార్మలే వళ్ళెమ్మక్కా" అనినప్పుడు
అబద్ధం నా కాళ్ళదే అనుకున్నా.

అప్పటికి ఆరు నెలలు.
పాదాలకు ఎవరో దూది చుట్టి పెట్టినట్టుండేది.
ఎడమ చెప్పు దోవలో జారిపోతే
పూతలపట్టు అడ్డరోడ్డు దాకా నడిచొచ్చినాక గానీ తెలీలే,
అదీ వెనక సైకిలు మీద వస్తా ఉండిన పిల్లోడు చెప్తే.
ముఖానికి సబ్బు పెట్టుకుని కండ్లు మూస్తే
తొట్టి ఒకపక్కకి, నేనొకపక్కకి.
ఊరుబిండి తాకితే నాలుకంతా నిప్పు,
అద్దంలో చూస్తే గీకిన గిన్నె మాదిరి నున్నగా, ఎర్రగా.
రోజూ పాలు పోసే మనిషి పేరు
పెన్ను పట్టుకున్నాక గుర్తు రాదు.

మా ఆయన చెంగల్రాయులు నిద్ర చాల్లేదనినాడు.
ఒక డాక్టరు, నలభై రెండు నిండినాయి గదమ్మా, అనినాడు.
ఇంకో డాక్టరు ఆ కాగితమే తిరగేసి
నిద్రమాత్ర రాసినాడు.
నిద్రపోయినా. కాళ్ళు నాకంటే ముందే పోయినాయి,
పొద్దున అవి లేవలే.

తిరుపతి పెద్దాసుపత్రిలో, మూడోసారి వరసలో కూర్చున్న రోజు,
వచ్చింది షబ్రీన్. మదనపల్లె పిల్ల,
ఇంకా చదువుకుంటా ఉండాది, మెడలో గొట్టం కొత్తది.
కాగితం పక్కన పెట్టి "చెప్పులు విప్పండి" అనింది.
అప్పటిదాకా ఎవరూ విప్పమనలే.

రెండు కొమ్ముల ఇనప కడ్డీని మోచేతికి కొట్టి
నా బొటనవేలి ఎముక మీద ఆనించింది.
"జుమ్మంటే చెప్పండి. ఆగితే చెప్పండి."
కాచుకున్నా.
ఏదో వస్తాదని ఇంకా కాచుకున్నా.
అది ఎప్పుడో ఆగిపోయిందంట.
అదే కడ్డీ గదమకు ఆనిస్తే
పండ్ల సందుల్లో తుమ్మెద దూరినట్టయింది.
ఏడుపొచ్చింది నాకు, అంతమందిలో.

"ఏం తింటారు?"
అన్నం, చారు, సంగటి, ఊరుబిండి.
గుడ్డూ కూరా మొక్కుబడికి వదిలేసి తొమ్మిదేండ్లు.
"పాలు?"
దినానికి నాలుగొందల లీటర్లు చూస్తా, అనినా. తాగేది లే.
ఇంట్లో నల్ల టీ.
వరసలో ఉండేవాళ్ళు నవ్వినారు.

నా నెత్తురు చుక్కను గాజు మీద పరిచి
ఆ పిల్ల తనే కన్ను పెట్టి చూసొచ్చింది.
"మీ కణాల్లో కొన్ని మరీ చిన్నవక్కా, ఇనుము చాలక.
కొన్ని మరీ పెద్దవి, బీ ట్వెల్వ్ చాలక.
మిషను రెండిటినీ కలిపి సగటు కట్టింది.
సగటు బాగుంది."

చప్పున దొరస్వామి గుర్తొచ్చినాడు,
పేరుతో సహా, తడుముకోకుండా.
వెన్న తీస్తే అంకె పైకి పోతాది,
నీళ్ళు పోస్తే కిందికి దిగతాది.
వాడు రెండూ చేస్తాడు, తూకంగా.
లాక్టోమీటరు పాపం తలాడించి నిలబడతాది:
ఇరవై ఎనిమిది.
వెన్న పరీక్ష పెడితే గానీ దొరకడు.
పెట్టాలని నాకు తోచేదానికే రెండేండ్లు పట్టింది.

"మా దొరస్వామి పాలు" అనినా.
ఆ పిల్లకు అర్థం గాలే. వివరంగా చెప్పినా.
పెన్ను ఆపి వినింది,
నా కాగితం వెనకాల ఏందో రాసుకునింది.

దినం మార్చి దినం సూది.
"పోయిందంతా రాకపోవచ్చు" అనింది, దాచకుండా.
"నరం గదా అక్కా. ఆలస్యమైంది."
ఆలస్యం ఎవరిదని నేనడగలే.

నిన్న ఏడో సూది వేయించుకుని చిత్తూరు బస్సెక్కినా.
చంద్రగిరి దాటినాక ఏదో లారీ అడ్డం పడి
బస్సు నిలబడిపోయింది, ఇంజను ఆడతానే ఉండాది.
చెప్పులు విప్పి రేకు మీద పాదాలు పెట్టినా.
కండ్లు మూసినా.
కుడి బొటనవేలికి ఏదో తెలిసింది,
పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నంత దూరంగా.
ఎడమదానికి తెలీలే.
పాకాల అడ్డరోడ్డు వచ్చేదాకా
దాన్నే అడగతా కూర్చున్నా.