మాక్ పోల్

తెల్లారకముందే, ఐదున్నరకు
యాభై ఓట్లు వేశాం.
ఏజెంట్లు ఒకరి గుర్తు ఒకరు నొక్కుతూ నవ్వుకున్నారు.
లెక్క సరిపోయింది.
సరిపోయాక తుడిచేశాం.
యంత్రం సున్నా చూపించింది.

కిటికీ ఊచల అవతల
చలికి చున్నీ తలకు చుట్టుకున్న పిల్ల అడిగింది:
"సారూ, గా యాభై ఓట్లు ఎవలయి?"
"ఎవ్వరివీ కావమ్మా.
యంత్రం పనిచేస్తున్నదో లేదో చూసుకోవడానికి."
"ఓహో" అన్నది.
ఆ ఓహో రోజంతా నా కుర్చీ పక్కనే నిలబడింది.

పరకాల దాటి పన్నెండు కిలోమీటర్లు,
జిల్లా పరిషత్ హైస్కూలు, పదో తరగతి గది.
నా బడి కాదు, నా పిల్లలు కారు,
నల్లబల్ల మీది ప్రశ్న మాత్రం నాకు తెలిసిందే,
ఇరవై తొమ్మిదేళ్లుగా నేనూ రాయిస్తున్నదే:
సార్వజనీన వయోజన ఓటు హక్కు అనగానేమి? (2 మా.)
జవాబును ఎవరో తుడిచారు.
ప్రశ్న దాకా చెయ్యి అందనట్టుంది.

పిల్ల పేరు సుప్రజ. మెడలో వాలంటీర్ కార్డు.
పదహారు నిండి రెండు నెలలు,
నేనడగలేదు, తనే చెప్పింది.
పని, చక్రాల కుర్చీ తోయడం,
గేటు నుంచి గడప దాకా.
గడప దగ్గర ఆగాలి. రూలు.

ఓదెమ్మను తెచ్చింది, పక్షవాతం కాలు.
గడప మీదనే ముసలమ్మ గట్టిగా అడిగింది:
"బిడ్డా, ఏది గుద్దమంటవే?"
ఏజెంట్లు ముగ్గురూ మెడలు చాచారు.
"నన్నడగద్దు అమ్మమ్మా. లోపల్నువ్వొక్కదానివే."
కుర్చీని మా మనిషికి అప్పజెప్పి
వెనక్కి రెండడుగులు వేసింది.
పిడి వదిలిన వేళ్లు చూశాను,
పత్తికాయ గీరిన గాట్లు, గోళ్ల చుట్టూ.
నిన్న బడికి పోయిందో, చేనుకు పోయిందో.

ఇరవై ఒకటిని పద్దెనిమిదికి దించిన ఏడు
నాకు పంతొమ్మిది.
"మీసం మొలవనోనికి ఓటా, ఇగ రాజ్యం ఆగమే"
అన్నాడు మా బాపు, చుట్ట ఆర్పకుండా.
నా మొదటి ఓటు ఏమాలోచించి వేశానో చెప్పను.
అందులో ఒక గోలీసోడా ఉంది.
రాజ్యం ఆగం కాలేదు.
నా వల్లనైతే బాగూ కాలేదు.

అట్లని పదహారుకు ఇచ్చేద్దామా?
నాకు తెలియదు.
మా ఇంట్లో ఉన్నాడొకడు, అదే వయసు,
ఫోను ఏం చెప్తే అది వేదం.
రేపు బడి గేటు ముందే బిర్యానీ పొట్లాలు దిగుతాయేమో,
ట్యూషన్ సార్లు గుర్తులు కూడా బట్టీ పట్టిస్తారేమో.
ఈ భయాలన్నీ నిజమే.
కాని ఇవన్నీ బాపు భయాలే,
చుట్ట ఒక్కటే లేదు.

మధ్యాహ్నం లైను పలచబడ్డాక
మెట్ల మీద టిఫిన్ గిన్నె తెరుస్తూ అన్నది:
"పొద్దుగాల బస్సు బందువెట్టిండ్రు సార్.
ఇంటర్ పరకాలల సదవాలె.
బస్సు ఎక్కేది నేను.
ఓటేసేది మా తాత.
తాత వాకిలి దాటి ఏడేండ్లాయె,
ఇయ్యాల నేనే తోలుకొచ్చిన."
ఏ పార్టీ అని చెప్పలేదు. నేనూ అడగలేదు.
పచ్చిపులుసు పోసుకొని తిన్నది.

ఐదింటికి క్లోజ్ బటన్ నొక్కాం.
లక్క కరిగింది, సీళ్లు పడ్డాయి.
డైరీలో పురుషులకు గడి, స్త్రీలకు గడి,
ఇతరులకు గడి.
"ముప్పై ఒక్కమంది సార్" అన్నది, కుర్చీ మడుస్తూ.
రాద్దామంటే గడి లేదు.
పొద్దటి యాభై గుర్తొచ్చాయి.
యంత్రం సరిగ్గా ఉన్నదని సాక్ష్యం చెప్పింది
ఆ తుడిచేసిన ఓట్లే.

లారీ హారన్ కొడుతున్నది.
సుప్రజ బెంచీలు వరుసకు జరిపి
నల్లబల్ల ముందు నిలబడింది.
"రేపు స్లిప్ టెస్ట్ సార్ మాకు.
దీని జవాబు మీకొస్తదా?"

వస్తుంది అన్నాను,
రెండు మార్కుల మందం.