నల్ల నిమ్మకాయ

ఇక్కడోళ్ళు దీన్ని మర్బానియా అంటారు,
నలభై దినాల చలి.
కువైట్‌లో చలేందిరా అని
రాయచోటిలో నవ్వినోళ్ళను
జనవరి నడిరేయి, షువైఖ్ పండ్ల మార్కెట్‌లో
లారీ వెనక నిలబెట్టాలని ఉంటాది నాకు.
ఇసుక మీదినుంచి వచ్చే గాలికి
చొక్కా గుండీలు ఒక లెక్కా!

నా పని పండ్లు ఏరడం.
మంచిది ఈ పెట్టెలోకి, దెబ్బ తిన్నది ఆ పెట్టెలోకి.
ఇరాన్ ఆపిలైనా, ఈజిప్టు నారింజైనా
బొటనవేలు దిగితే బయటికే.
బయటికి పోయినవాటిలో నాలుగు,
మేస్త్రీ చూసీ చూడనట్టున్నప్పుడు,
నా సంచిలోకి.

హసావిలో మిద్దె మీద మా రేకుల గది.
ఆరు మంచాలు, ఒక కిటికీ,
కిటికీకి అట్టముక్క.
హీటర్ పెడితే బిల్డింగు మొత్తం కరెంటు పోతాది.
ఒకసారి పోయింది కూడా,
ఆ తిట్లు మూడు భాషల్లో విన్నాం.

అందుకని కుళ్ళాయప్ప నేర్పినాడు ఈ నీళ్ళు.
ఆయన దీవానియాలో వంటోడు,
ఇరవై రెండేళ్ళుగా సేట్లకు గావా కాస్తున్నాడు.
ఆపిల్ కుళ్ళినకాడ చెక్కెయ్, మిగతాది ముక్కలు చెయ్.
నారింజ పిండు, తొక్కలోని తెల్లపొర గీకి తొక్క కూడా వెయ్.
చక్కెర వద్దు, నాలుగు ఖర్జూరాలు నలుపు.
పట్ట, లవంగం, యాలకలు దంచు.
మిరియాలు మాత్రం మన లెక్కలో వెయ్,
వీళ్ళ లెక్కలో కాదు.
ఆఖర్న లూమి.

లూమి అంటే ఎండిన నిమ్మకాయ.
నల్లగా, తేలిగ్గా, ఊపితే లోపల గలగల.
మొదటి ఏడు నేను చచ్చిన కాయలనుకొని
ప్యాకెట్టుకు ప్యాకెట్టే చెత్తలో వేసినా.
కుళ్ళాయప్ప రెండ్రోజులు నాతో మాట్లాడలా.

ఆ శుక్రవారం ఆయనకు రాత్రి డ్యూటీ.
నేపాలీ పిల్లోడు దిల్ బహదూర్
మధ్యాన్నం నుంచి దగ్గుతానే ఉన్నాడు,
పరంజా మీద పని, చెవులకు గుడ్డ కూడా లేదు.
నేనే గిన్నె పెట్టినా.
అన్నీ వేసినా. లెక్క తప్పలా.
ఉడికింది, ఎర్రబడింది, ఆవిరొచ్చింది,
నోట పోసుకుంటే
తియ్యగా ఉంది, అంతే.
పెండ్లిలో ఎవరూ పలకరించని చుట్టం మాదిరి.

అప్పుడే తలుపు కొట్టినాడు హారిస్ అబూ రిజక్.
మిద్దె మీద గ్యాస్ పెట్టకూడదని
గోడకు కాగితం అంటించింది ఆయనే.
దిల్ బహదూర్ దుప్పటి తీసి పొయ్యి మీద కప్పబోయినాడు.
మండుతా ఉందిరా పిచ్చోడా!

ముసలోడు ఏమీ అనలా.
వాసన పట్టినాడు. మూత తీసినాడు.
గరిటెతో లూమిని పైకి తీసి చూసి
నా మొహం చూసినాడు,
ఎక్కాలు రాని పిల్లోణ్ణి అయ్యవారు చూసినట్టు.
కాయ చెక్కుచెదరలా,
లోపలికి ఒక్క చుక్క పోలా.
జేబులోంచి తాళాల గుత్తి తీసి
అందులో సన్నది ఏరి, తోబుకు తుడిచి
కాయను పొడిచి చీల్చినాడు.
వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటా
గింజలు గోటితో గెలికి పారేసినాడు, చేదంట.
మళ్ళీ గిన్నెలో వేసినాడు.

ఐదు నిమిషాలు ఎవరమూ మాట్లాడలా.
పులుపు ముందొచ్చింది, దాని వెనక పొగలాంటిది,
ఆ వెనక ఎక్కడో
పాత ఊరగాయ జాడీ మూత.

ఆయన రెండు గ్లాసులు తాగినాడు.
మూడోది చేతుల మధ్య పెట్టుకొని
సొంత ఊరి సంగతేదో చెప్పినాడు.
నాకు అరబీ అంత రాదు,
చెరుకు అన్నది, అక్క అన్నది, రెండే తెలిసినాయి.
పోతా పోతా మెట్ల మీద ఆగి,
రేపు బలదియా వాళ్ళొస్తారు, అన్నాడు,
పొయ్యి తెచ్చి నా గదిలో పెట్టండి.

దిల్ బహదూర్ ఆ రాత్రి దగ్గలేదని చెప్పను.
దగ్గినాడు. మధ్యమధ్యన నిద్ర కూడా పోయినాడు.

రెండు గంటలకు మళ్ళీ మార్కెట్టు.
ఆపిల్ ఒకటి చేతికొచ్చింది, ఒక పక్క మెత్తగా.
బొటనవేలు దిగింది.
ముక్కు కాడికి తెచ్చుకున్నా.
మేస్త్రీ అటు తిరిగి టోపీ సర్దుకుంటున్నాడు,
చాలాసేపే.